చిత్రావతి: చెరువుల్లో బతికే ఏరు

నంది కొండల చుట్టుపక్కల పుట్టే ఏర్లన్నీ ఒక దిక్కుకు పోవు. అర్కావతి కావేరిలో కలుస్తుంది. పాలారు, దక్షిణ పినాకిని తమిళనాడు దారి పడతాయి. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని మాత్రం మన రాయలసీమకు దిగి పెన్న నీళ్లవుతాయి. వీటిలో చిత్రావతిది చిక్కబళ్లాపురం. బాగేపల్లి మీదుగా సరిహద్దు దాటి, పుట్టపర్తిని ఒరుసుకుంటూ బుక్కపట్నం, ధర్మవరం చెరువుల్లో చేరి, మరువ పారితే ముందుకు సాగి, గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది.

మరువ పారితేనే! ఏడాదిలో ఎక్కువ నెలలు ఏట్లో కనిపించేది ఇసుకే. నీళ్లన్నీ ఎగువన వంకలకు అడ్డంగా కట్టిన చెరువుల్లో ఉంటాయి. అందుకే ఈ సీమలో ఏటి చరిత్ర అంటే కట్టల చరిత్రే. 1388 నాటి శాసనం ఒకటి గౌరిబిదనూరు ప్రాంతంలో ఉంది. హెన్నె నదిని, అంటే ఉత్తర పినాకినిని, పెనుకొండకు తీసుకురమ్మని విజయనగర రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు నిండు కొలువులో సింగయభట్టును ఆదేశించాడట. ఆయన కాలువ తవ్వించి సిరవెర చెరువు దాకా నీళ్లు తెచ్చాడు. నీళ్ల ఇంజనీరు పేరును రాతి మీద చెక్కించిన రాజ్యం అది.

తెల్లవాళ్ల కాలానికి మాట మారింది. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. మద్రాసు ఒప్పుకోనిదే మైసూరు కొత్త జలాశయం కట్టకూడదన్న నదుల జాబితాలో కావేరి, తుంగభద్రలతో పాటు చిత్రావతి, పాపఘ్ని కూడా ఉన్నాయి. బాగేపల్లి దగ్గర పరగోడు ఆనకట్ట మీద రెండు రాష్ట్రాలు గొడవపడ్డప్పుడు దిగువ రైతులు అడిగిందీ ఇదే: మా చెరువుకు ఏమి మిగులుతుంది? తమాషా ఏమిటంటే, దిగువన పార్నపల్లె దగ్గర చిత్రావతి పేరుతో ఉన్న 10 టీఎంసీల జలాశయం తుంగభద్ర, కృష్ణ నీళ్ల మీద ఆధారపడింది.

ఎండిపోయే ఏట్లో చేపలెక్కడివి? కొర్రమీను, మార్పు గాలి పీల్చుకోగలవు; నీళ్లు తగ్గినా మడుగుల్లో, తడి బురదలో కొన్నాళ్లు తట్టుకుంటాయి. చెరువు అడుగంటే వేళ ఊరివాళ్లు ఊతలు పట్టుకుని మోకాలి లోతు బురదలోకి దిగేది వీటి కోసమే. బొచ్చె, రోహు, మృగాల సంగతి వేరు. నిలవనీటిలో ఇవి సహజంగా గుడ్లు పెట్టవు, ఏటా పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే. చెరువు నిండకపోతే చేపల వేలం పాడినవాడికి నష్టమే.

ఇప్పుడు చెరువులు నింపేందుకు వానే రానక్కర్లేదు. బెంగళూరు మురుగును శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార పథకం కింద చిక్కబళ్లాపురం చెరువులకు, కోరమంగల-చల్లఘట్ట పథకం కింద కోలారుతో పాటు చింతామణి తాలూకాలోని కొన్ని చెరువులకు పంపుతున్నారు. బోర్లలో నీళ్లు పైకొచ్చాయని సంతోషించే రైతులున్నారు, అది కాదనలేం. కానీ ఆ శుద్ధి రెండో దశతోనే ఆగిపోతోంది. దీని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 జనవరిలో ఆపమన్న కోర్టే ఏప్రిల్లో నీళ్లు వదలడానికి ఒప్పుకుంది. మూడో దశ శుద్ధి కావాలని ఈ ప్రాంత రైతులు అడుగుతూనే ఉన్నారు. అది న్యాయమైన కోరిక. దాంతోపాటు ఈ చెరువుల చేపల్లో భార లోహాలు ఏ మేరకు ఉన్నాయో ఏటా పరీక్షించి, ఆ ఫలితాలను పంచాయతీ గోడ మీద కన్నడంలోనూ తెలుగులోనూ అంటించాలి.