ఇష్టారాజ్యాన్ని చదివిన వకీలు

ఎర్న్‌స్ట్ ఫ్రెంకెల్ అధ్యాపక జీవితాన్ని కాగితం మీద లెక్కేస్తే పెద్దగా ఏమీ కనపడదు. 1951లో బెర్లిన్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు, 1953లో ప్రొఫెసర్ అయ్యాడు, 1967లో పదవీ విరమణ చేశాడు. అంతే. అయినా యుద్ధానంతర పశ్చిమ జర్మనీలో రాజనీతిశాస్త్రానికి పునాది వేసినవాళ్ల పేర్లు చెప్పాల్సివస్తే ఆయన్ను దాటి పోలేం. ఆయన అసలు చదువు కోర్టుల్లో సాగింది.

1898లో కొలోన్ నగరంలో యూదు కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో హ్యూగో జిన్‌జ్‌హైమర్ దగ్గర న్యాయశాస్త్రం చదివాడు. జర్మన్ కార్మిక చట్టానికి ఆద్యుడని పేరున్న గురువాయన. బెర్లిన్‌లో ఫ్రెంకెల్ లోహ పరిశ్రమ కార్మికుల సంఘం తరఫున కేసులు వాదించేవాడు. ప్రాక్టీసులో భాగస్వామి ఫ్రాంజ్ నాయ్‌మన్, ఈయన కూడా తర్వాత పేరుమోసిన రాజనీతి పండితుడయ్యాడు. 1932లో, ఛాన్సలర్లు వరసగా కూలుతున్న రోజుల్లో, ఫ్రెంకెల్ ఒక సూచన చేశాడు: తర్వాతి ఛాన్సలర్ ఎవరో తేల్చుకోకుండా ఉన్నవాణ్ని అవిశ్వాసంతో దించే వీలు పార్లమెంటుకు ఉండకూడదు. అప్పుడెవరూ చెవిన పెట్టలేదు. అదే ఆలోచన 1949 నాటి పశ్చిమ జర్మనీ రాజ్యాంగంలో 67వ అధికరణగా కనపడుతుంది.

మన దగ్గర పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ‘అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కుల నిలుపుదల: వైమార్ రాజ్యాంగం నుంచి’ అని ఒక ముక్క బట్టీ పడతారు. నాజీలకు ముందు జర్మనీ రాసుకున్న ఆ వైమార్ రాజ్యాంగపు 48వ అధికరణ కిందే, పార్లమెంటు భవనం రైఖ్‌స్టాగ్ తగలబడిన మర్నాడు, 1933 ఫిబ్రవరి 28న అత్యవసర ఉత్తర్వు వెలువడింది. పౌరహక్కులు రద్దయ్యాయి. నాజీల పాలన ముగిసేదాకా ఆ ఉత్తర్వు అమల్లోనే ఉంది. నాజీ రాజ్యానికి అసలు రాజ్యాంగం ఇదేనని ఫ్రెంకెల్ తేల్చాడు.

ఏప్రిల్‌లో యూదు వకీళ్లను బార్ నుంచి తొలగించే చట్టం వచ్చింది. యుద్ధరంగంలో పోరాడినవాళ్లకు మాత్రం మినహాయింపు. ఆ మినహాయింపే ఫ్రెంకెల్‌ను మరో ఐదేళ్లు కోర్టులో నిలబెట్టింది. పగలు రాజకీయ ఖైదీల తరఫున వాదించాడు, రహస్యంగా ప్రతిఘటన ఉద్యమానికి మారుపేర్లతో రాశాడు, తీర్పులు పోగేశాడు. అప్పుల దావాలు, ఒప్పందాల తగాదాలు, ఆస్తి వివాదాల్లో పాత చట్టం పాతలాగే నడుస్తోంది. వ్యాపారం సాగాలంటే రేపేం జరుగుతుందో తెలియాలి కదా! కానీ ఏ వ్యవహారాన్నైనా ‘రాజకీయం’ అని అధికారం ముద్ర వేసిందంటే చట్టం అక్కడితో సరి. కోర్టు నిర్దోషి అని వదిలినవాణ్ని నాజీ రహస్య పోలీసు గెస్టపో పట్టుకుపోవచ్చు, అడిగే నాథుడుండడు. ఒకే దేశంలో చట్టబద్ధ రాజ్యం, ఇష్టారాజ్యం పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది ఎంతవరకో నిర్ణయించేది మాత్రం రెండోదే.

ఆయన చూపించిన తీర్పుల్లో ఒకటి మరిచిపోలేనిది. ఎరిక్ షారెల్ అనే దర్శకుడితో ఊఫా సినిమా కంపెనీ ఒప్పందం చేసుకుంది. జబ్బు, మరణం, అలాంటి మరే కారణంవల్లనైనా దర్శకుడు పని చేయలేకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చని అందులో షరతు. 1933లో కంపెనీ ఆయన్ను వదిలించుకుంది. 1936లో అత్యున్నత న్యాయస్థానం దాన్ని సమర్థించింది: యూదుడు కావడం కూడా ‘అలాంటి కారణమే’నట! బతికున్న మనిషిని సివిల్ తగాదాలో చచ్చినవాడి కింద జమకట్టారు. చట్టబద్ధ రాజ్యం తనంతట తానే ఇష్టారాజ్యానికి తలుపు తీస్తోందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1938 సెప్టెంబరులో ఫ్రెంకెల్ దేశం విడిచాడు. రాతప్రతి ఫ్రెంచి రాయబార కార్యాలయ సామానులో ముందే సరిహద్దు దాటింది. అది 1941లో అమెరికాలో ‘ద్వంద్వ రాజ్యం’గా ఇంగ్లిషులో వచ్చింది. మరుసటేడు నాయ్‌మన్ ‘బెహమోత్’ ప్రచురించి, నాజీ జర్మనీని అసలు రాజ్యమనడమే కుదరదని వాదించాడు. ఒకే ఆఫీసులో కూర్చున్న ఇద్దరూ తెచ్చిన ఈ రెండు పుస్తకాలను ఇప్పటికీ ఎదురెదురుగా పెట్టి చదువుతారు. నా ఓటు ఫ్రెంకెల్‌కే. అంత ఘోరం అన్నేళ్లు సాఫీగా ఎలా నడిచిందో ఆయన పుస్తకం చదివితేనే అర్థమవుతుంది.

షికాగోలో మళ్లీ లా చదివాడు. యుద్ధం ముగిశాక అమెరికా సైనిక ప్రభుత్వానికి న్యాయ సలహాదారుగా కొరియా వెళ్లి, 1950లో అక్కడ యుద్ధం మొదలయ్యేదాకా ఉన్నాడు. జర్మనీకి తిరిగి వెళ్లనని 1946లో మిత్రులకు రాసినవాడు, పాత స్నేహితుడు ఒట్టో జూర్ పిలిస్తే బెర్లిన్ వచ్చాడు. ఆ స్నేహితుడి పేరుతో వెలసిన సంస్థలోనే, ఫ్రీ యూనివర్సిటీలో, ఆయన పాఠాలు సాగాయి. అక్కడి అమెరికా అధ్యయన సంస్థకూ ప్రాణం పోశాడు.

ఈ కాలంలో ఆయన ప్రతిపాదించిన నవ బహుళత్వవాదం నిజానికి ‘ద్వంద్వ రాజ్యా’నికి జవాబు. ప్రజాహితం ముందే ఎక్కడో రాసిపెట్టి ఉండదు, పోటీపడే వర్గాల బేరసారాల్లోంచి చివరికి తేలుతుంది. కాకపోతే ఎవరూ బేరం పెట్టకూడని కొన్ని విలువలుండాలి. ప్రజలందరిదీ ఒకే మనసు అన్న రూసో మాట ఆయనకు నచ్చేది కాదు. నాజీలను సమర్థించిన న్యాయపండితుడు కార్ల్ ష్మిట్ దాన్ని ఎక్కడికి లాక్కెళ్లాడో కళ్లారా చూశాడు మరి. అమెరికా ప్రభుత్వ వ్యవస్థ మీద 1960లో రాసిన పుస్తకంలో మాత్రం ఆశ్రయమిచ్చిన దేశం పట్ల కృతజ్ఞత కాస్త ఎక్కువే కనపడుతుంది.

1967 తర్వాత విద్యార్థులు తిరగబడ్డారు. బహుళత్వం పెట్టుబడికి ముసుగని అదే సంస్థలో యోహానెస్ అన్యోలి వంటివారు వాదించారు. సంఘటితం కాలేనివాళ్ల గొంతు బేరంలో వినపడదన్న విమర్శలో నిజముంది. బలహీనులకూ సమానమైన ఆయుధాలు అందేలా చూసే బాధ్యత రాజ్యానిదేనని ఈ కార్మికుల వకీలు రాసిన సంగతి మాత్రం ఆ హోరులో మరుగునపడింది. తరగతుల్లో అల్లరి, నినాదాలు ఆయన్ను బాగా నొప్పించాయి.

‘ద్వంద్వ రాజ్యం’ జర్మన్‌లో పుస్తకంగా వచ్చింది 1974లో, అదీ ఇంగ్లిషు నుంచి తిరిగి అనువాదమై. మరుసటేడు మార్చి 28న ఫ్రెంకెల్ పోయాడు. ఆ పుస్తకానికి ఒక హద్దుంది. యూదుల ఇళ్లు, ప్రార్థనా మందిరాల మీద 1938 నవంబరు దాడులు జరిగేనాటికి రచయిత దేశంలో లేడు. ఆ తర్వాతి సామూహిక సంహారం దాని పరిధిలోకి రాదు. అప్పటికి చట్టబద్ధ రాజ్యం ఎంత మిగిలిందన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోని తగాదా. తర్వాతి పండితుల్లో రిచర్డ్ సాక్వా ఈ ద్వంద్వ రాజ్య చట్రాన్ని రష్యాకు వర్తింపజేశాడు, యెన్స్ మైయర్‌హెన్రిక్ దక్షిణాఫ్రికా వర్ణవివక్ష పాలనకు. 2017లో ఆక్స్‌ఫర్డ్ ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసినప్పుడు పీఠిక రాసింది ఆ మైయర్‌హెన్రిక్కే.