మిషన్

కరీంనగర్‌లో ‘మిషన్ దవాఖాన’ అంటే చర్చివాళ్ల ఆసుపత్రి. కుట్టు మిషన్‌లోని మిషన్ వేరు. అది ‘మెషీన్’ అరిగి మిగిలిన రూపం. దవాఖాన పేరులోని మిషన్‌ది లాటిన్ మూలం, అర్థం ‘పంపడం’. బైబిల్లో కనిపించే ‘అపొస్తలుడు’ కూడా గ్రీకులో ‘పంపబడినవాడే’.

అలా పంపగా 1895లో ఇంగ్లండ్ నుంచి సికింద్రాబాదుకు వచ్చిన యువకుడు చార్లెస్ వాకర్ పాస్నెట్. తర్వాత మెదక్ చేరారు. ఆయన కట్టించిన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. 1978లో కరీంనగర్ కూడా చర్చి పాలనలో వేరే అధ్యక్ష మండలమైంది. ఊరుగాని ఊళ్లో బతుకంతా గడిపినవాళ్ల పని పేరు మన దవాఖాన గుమ్మానికి నిలవడం నాకెంతో నచ్చుతుంది.

మాట అక్కడా ఆగలేదు. 2015లో కరీంనగర్, ఆదిలాబాద్ చెరువుల పూడిక తీసిన సర్కారు పథకమూ ‘మిషన్ కాకతీయ’యే.