హరికథ నుంచి బడి దాకా

అక్షరం రాని పేటలో కరపత్రం పంచితే ఎవరు చదువుతారు? భాగ్యరెడ్డి వర్మ ఈ సంగతి గ్రహించారు. 1888 మే 22న హైదరాబాద్‌లో మాల కుటుంబంలో పుట్టిన ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. 1906లో ఆయన స్థాపించిన జగన్మిత్ర మండలి హరికథలతో, భజనలతో జనాన్ని కూడగట్టింది. తాగుడు, బాల్యవివాహాలు, ఆడపిల్లలను దేవుడి పేరిట జోగినులుగా విడిచే దురాచారం, వీటన్నిటి గురించీ వాళ్లకు తెలిసిన బాణీలోనే చెప్పింది.

కథ విని తలలూపితే చాలదని కూడా ఆయనకు తెలుసు. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లిలలో బడులు తెరిచారు. రాజ్యభాష ఉర్దూ అయినా బడుల్లో బోధన తెలుగులోనే సాగింది. 1933 నాటికి 26 బడులు, 2,500 మంది విద్యార్థులు. తరువాత నిజాం ప్రభుత్వం వాటిని తన చేతికి తీసుకుంది. 1917 నవంబరులో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ అనే పేరును వదిలి ‘ఆది ఆంధ్ర’ అనే పేరు తీసుకుంది. బుద్ధ జయంతిని ఆయన 1913లోనే జరిపారు. అది నాగపూర్ దీక్షకు 43 ఏళ్ల ముందు మాట.

సముద్రాల అవతల కూడా ఇదే దారి పట్టినవారున్నారు. న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెంలో శిల్పి అగస్టా సావేజ్ 1930లలో పేద పిల్లలకు కళ నేర్పారు. 1939 ప్రపంచ ప్రదర్శన కోసం నల్లజాతి గాయకులనే తీగలుగా మలిచి ఆమె చేసిన పెద్ద వాద్యశిల్పాన్ని, కంచులో పోత పోయించే డబ్బు లేక, ప్రదర్శన ముగిశాక పగలగొట్టారు. కానీ ఆమె ప్రోత్సాహంతో ఎదిగిన జేకబ్ లారెన్స్ తన జాతి వలసగాథను 60 చిత్రాలుగా లోకానికి చూపారు. శిల్పం పోయినా శిష్యులు మిగిలారు. భాగ్యరెడ్డి వర్మ అదే 1939లో, ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఆయన హరికథలు గాలిలో కలిసిపోయాయి. ఆ బడుల్లో చదివిన పిల్లలు మాత్రం తమ ఇళ్లలో తొలి అక్షరాస్యులయ్యారు.

హైదరాబాద్ చరిత్రను సూరత్‌లో ఎందుకు చెప్పుకోవాలి? ఇక్కడి మరమగ్గాలకు వలస వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలకూ చదువు పరాయి భాషలోనే ఎదురవుతుంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. చట్టం తలుపు తెరుస్తుంది గానీ పిల్లవాడి చెయ్యి పట్టుకుని గడప దాటించదు. ఆ పని మనది. పాటలు మనకు కొదవ లేదు. వచ్చే వైశాఖ పున్నమి సభలో పాట అయ్యాక, బడి మానేసిన పిల్లల పేర్లు రాసుకుని, మర్నాడే వాళ్ల ఇళ్లకు వెళ్దాం.