నదుల పేరు దాల్చిన యుద్ధనౌకలు

కృష్ణ నీటిని నమ్ముకొని ప్రత్తి, మిరప పండించుకొను గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి, ఆ నది పేరు దాల్చి సముద్రముపై పోరాడిన ఓడ యొకటి యుండెనన్న వింతగా తోచవచ్చును. రెండవ ప్రపంచయుద్ధమున రాయల్ ఇండియన్ నేవీకి చెందిన ఆ నౌక పేరు 'కిస్త్నా'. ఆంగ్లేయులు కృష్ణను నాడు వ్రాసిన తీరది. దాని తోడి నౌక 'గోదావరి'.

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. మన తీరమునకు రక్షణ యెంత పలుచనో నాడు తేటపడెను. మరుసటి యేట, 1943లో, గోదావరి ఇంగ్లండునందును, కృష్ణ స్కాట్లండునందును జలప్రవేశము చేసెను. ఒక్కొక్కటి సుమారు మూడువందల అడుగుల పొడవు గలది; నాలుగంగుళముల ఫిరంగు లారు దానికి గలవు. సరకుల ఓడలు గుంపుగా సాగునపుడు వాని ప్రక్కన నడచి కాచుట వీని ముఖ్య విధి. నీటిలోనికి ధ్వనిని పంపి, మరలివచ్చు ప్రతిధ్వనిని బట్టి శత్రువుల జలాంతర్గామి జాడ తీసి, పీపాలవంటి బాంబులను సముద్రమున జారవిడుచుచుండెడివి.

1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల చెంత, బ్రిటిషు నౌక 'ఫిండ్‌హార్న్'తో కూడి, గోదావరి 'యు-198' అను జర్మను జలాంతర్గామిని ముంచెను. అందలి 66 మందిలో ఒక్కడును మిగులలేదు. 1945 జనవరి 21న బర్మా తీరమందలి రామ్రీ దీవిపై సైనికులు దిగునపుడు కృష్ణ తన ఫిరంగులతో వారికి అండగా నిలిచెను.

శత్రువు విడదీయలేని ఈ జంటను దేశవిభజన విడదీసెను. 1947లో ఇట్టి నౌకలారింట నాలుగు భారతదేశమునకును, రెండు పాకిస్తానునకును వచ్చెను. కృష్ణ ఇచ్చట నిలిచెను. తెలుగునాట సముద్రమును చేరు గోదావరి పేరుగల ఓడ మాత్రము కరాచీ పాలై 'సింధ్' అని పేరు మార్చుకొనెను. అన్నదమ్ములు ఇల్లు పంచుకొన్నట్లు ఓడలను పంచుకొనిరి. కాని ఒక్క కప్పుక్రింద పనిచేసిన నావికుల స్నేహమును పంచుట కే కొలబద్దయు లేకుండెను.

సింధ్ 1959లో పాత యినుముగా అమ్ముడుపోయెను; కృష్ణ 1981 వరకు నిలిచెను. ఇనుము కరగినను పేరులు కరగలేదు. 1983లో బొంబాయిన మనవారే నిర్మించిన క్రొత్త యుద్ధనౌకకు గోదావరి యని పేరిడిరి. 1995లో బ్రిటనునుండి కొన్న శిక్షణనౌక కృష్ణ యయ్యెను. అవియు నేడు విశ్రమించినవి. ఓడ ఆయుస్సు కొన్ని యేండ్లే. నది ఆయుస్సు తరతరములది.