గిరాకీ, గది, గుర్తింపు: సంచార సెక్స్ వర్క్‌లో ఊరి ఎంపిక, రేటు నిర్ణయం – మోర్తాడ్ ప్రాంతం నుంచి ఒక పరిశీలన

2008లో అమెరికాలోని రెండు ప్రధాన పార్టీల జాతీయ సదస్సులు డెన్వర్‌లో ఒకటి, మినియాపొలిస్–సెయింట్ పాల్‌లో ఒకటి జరిగాయి. ఆ రోజుల్లో ఆ నగరాల్లో సెక్స్ వర్కర్ల ఆన్‌లైన్ ప్రకటనలు పెరిగాయని స్కాట్ కనింగ్‌హామ్, టాడ్ కెండల్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. షికాగో వీధులను పరిశీలించిన స్టీవెన్ లెవిట్, సుధీర్ వెంకటేశ్‌లకు జులై 4 సెలవుల్లో ఇలాంటిదే కనిపించింది. చుట్టపక్కాలతో జనం పోగయ్యే ఆ రోజుల్లో రేటు దాదాపు 30 శాతం పెరిగింది, మామూలు రోజుల్లో ఆ పని చేయని స్త్రీలు కూడా వచ్చి చేరారు. ఈ పరిశోధనలు చెప్పేది సులువుగానే అర్థమవుతుంది. చేతిలో డబ్బున్న పరాయి ఊరి మగవాళ్లు ఒకచోట పోగైతే రేటు పెరుగుతుంది, పెరిగిన రేటు చూసి మనుషులు అక్కడికి కదులుతారు.

నిజామాబాద్ జిల్లా మోర్తాడ్ నుంచి చూస్తే ఈ సూత్రం సగమే పనిచేస్తుంది. ఊరిని ఎంచుకునేటప్పుడు ఇక్కడి స్త్రీ మొదట చూసేది రేటు కాదు, తనను ఎరిగినవాళ్లు ఎవరూ లేకపోవడం. ఆ తర్వాత, వెళ్లిన ఊళ్లో రేటు చెప్పేది కూడా చాలాసార్లు ఆమె కాదు, గది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు. ప్రచురితమైన అధ్యయనాలు, చట్టం, ఈ ప్రాంత చరిత్ర ఆధారంగా ఈ వాదనను ముందుకు తెస్తున్నాను.

ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి వైపు సాగే దారి మీద ఉన్న మండల కేంద్రం మోర్తాడ్. పసుపు, మక్క, వరి, బీడీలు, గల్ఫ్ వలసలు: ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటి ఆర్థికం దాదాపు ఇదే. ఇలాంటి చోట బస్సు దిగిన కొత్త మనిషి ఎవరింటికి వచ్చిందో సాయంత్రానికల్లా ఊరికి తెలిసిపోతుంది. పైగా వీడీసీలుగా పిలిచే గ్రామాభివృద్ధి కమిటీలు ఈ జిల్లాలో బలంగా ఉన్నాయి. బెల్టు షాపుల వేలం నుంచి సాంఘిక బహిష్కరణ దాకా వాటి మాట చెల్లిన సందర్భాలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. ఊరి పరువుకు కాపలాదారుగా ఇంత గట్టి యంత్రాంగం ఉన్నచోటికి గిరాకీ ఉన్నంత మాత్రాన ఎవరూ వచ్చి పని చేయలేరు. మోర్తాడ్ లాంటి ఊరు ఈ వ్యాపారంలో గమ్యం కాదు, బయల్దేరే చోటు మాత్రమే.

ఇక్కడివాళ్లు ఎటు బయల్దేరారన్నది పాత కథే. 1900 ప్రాంతంలో హైదరాబాద్–గోదావరి లోయ రైలు మార్గం నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా పడింది. దాంతో ఈ జిల్లాకు హైదరాబాద్‌తో పాటు బొంబాయి కూడా రైలుకు అందుబాటులోకి వచ్చింది. దేవగిరి ఎక్స్‌ప్రెస్ నేటికీ నిజామాబాద్, బాసర, నాందేడ్ మీదుగా ముంబై వెళుతుంది. నిజాం రాజ్యం నుంచి వెళ్లి బొంబాయిలో కట్టడపు పనులు చేసిన తెలుగు కూలీలైన కామాఠీల పేరు మీద కామాఠీపురా ఏర్పడింది. తర్వాత అదే పేట ఆ నగరంలో సెక్స్ వర్క్‌కు పెట్టింది పేరయింది. కూలీల దారినే, నేతకార్మికుల దారినే ఈ స్త్రీలూ వెళ్లారు. తెలిసిన భాష వినపడే చోటు, కానీ తెలిసిన ముఖం ఎదురుపడని చోటు కావాలి. ఆ రెండూ కలిసి దొరికే నగరాలు ఎన్నో ఉండవు.

జోగినుల అనుభవాన్ని పక్కనపెడితే ఈ ప్రాంతంలో రేటు గురించి మాట్లాడటం అసంపూర్ణమే. దేవుడి పేరు చెప్పి దళిత బాలికలను ఊరికి అంకితం చేసే ఈ ఆచారం నిజామాబాద్ జిల్లాలో విస్తారంగా ఉండేది. కవి జాషువా కుమార్తె హేమలతా లవణం వర్ని కేంద్రంగా ఏళ్ల తరబడి పనిచేసి, జోగినుల కోసం చెల్లి నిలయం ఏర్పాటు చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. మార్కెట్ అనే కోణంలోంచి జోగిని స్థితిని చూస్తే ఒక వింత కనిపిస్తుంది. సొంత ఊళ్లో ఆమెకు రేటు లేదు. పెత్తందార్లకు ఆమె మీద ఉన్నది బేరం కాదు, హక్కు. ఇచ్చింది పుచ్చుకోవాలి, ఇవ్వకపోతే అడగకూడదు. అదే స్త్రీ బొంబాయికో భీవండికో రైలెక్కితే ఆమె పనికి మొదటిసారి ధర అనేది పుడుతుంది. అందులో సింహభాగం ఇంటి యజమానురాలికో, బ్రోకర్‌కో పోవచ్చు. అయినా ధర అంటూ ఒకటి ఉంది. పేదరికమే వలసకు కారణమని రాసి ఊరుకునే నివేదికలు ఈ తేడాను పట్టించుకోవు. ఎక్కువ రేటు కోసం ఊరు మారడం వేరు, అసలు రేటంటూ ఉండటం కోసం ఊరు విడవడం వేరు.

ఇదే జిల్లాలోని బోధన్ సంగతి కొంత భిన్నం. నిజాంసాగర్ నీళ్లు, 1937లో శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, కోస్తా నుంచి వచ్చి కాలువల కింద క్యాంపులు వేసుకున్న రైతులు, క్రషింగ్ కాలంలో కూలీలు, లారీలు, బండ్లు: అమెరికా పరిశోధకులు చెప్పే ‘దారి మీది మగవాళ్లు’ ఇక్కడ ఏటా కొన్ని నెలలు ఉండేవారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడటంతో ఆ క్యాలెండర్ చెదిరిపోయింది. డబ్బు ఆడే చోటు, పసుపు మార్కెట్‌కు వచ్చే వేసవి ముంగిట నెలల్లో నిజామాబాద్‌కూ, ఏడాది పొడవునా లారీలు తిరిగే 44వ నంబరు జాతీయ రహదారికీ జరిగింది.

తెలుగు నేల మీద ఈ కదలికల్ని కొలిచిన పెద్ద ప్రయత్నం 2007–08లో పాపులేషన్ కౌన్సిల్ చేసిన సర్వే. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడుల్లోని 22 జిల్లాల్లో సుమారు 5,500 మంది సంచార సెక్స్ వర్కర్లను ప్రశ్నించారు. రెండేళ్లలో కనీసం రెండు చోట్లకు, అందులో ఒకటైనా జిల్లా దాటి వెళ్లినవాళ్లను సంచారులుగా లెక్కించారు. ఆంధ్రప్రదేశ్‌లోని సెక్స్ వర్కర్ల సమాచారాన్ని విశ్లేషించిన పరిశోధకులు ఎక్కువగా తిరిగేవాళ్లపై హింస కూడా ఎక్కువేనని చూపారు. కర్ణాటకలో జాతరలకు వెళ్లే స్త్రీలపై విడిగా అధ్యయనం జరిగింది. షికాగోలో జులై 4 ఎలాగో అక్కడ జాతర అలాగ. గిరాకీ ఉంటుంది, కానీ అండ ఉండదు.

రేటు విషయంలో ఈ అండే కీలకం. కొత్త ముఖానికి మొదటి రోజుల్లో గిరాకీ ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతుంది, అందుకే మళ్లీ ఊరు మారాలి. అయితే కొత్త మనిషికి గది ఎవరిస్తారో, ఏ కానిస్టేబుల్‌కు ఎంత మామూలు ముట్టాలో, ఏ మనిషిని రానివ్వకూడదో తెలియదు. అవి తెలిసినవాడే కమిషన్ తీసుకుంటాడు. కొత్తదనం వల్ల పెరిగిన రేటును ఊరు కొత్త కావడమే తినేస్తుంది. కోల్‌కతాలోని సోనాగాఛీ మీద విజయేంద్ర రావు, మరి ముగ్గురు పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కండోమ్ తప్పనిసరి చేసుకున్నవారి సంపాదన 66 నుంచి 79 శాతం దాకా పడిపోయింది. తోటివాళ్లు చుట్టూ ఉన్న సోనాగాఛీలోనే నష్టం అంత ఉంటే, రెండు వారాల కోసం లాడ్జిలో దిగిన ఒంటరి మనిషి ఏ ధైర్యంతో కాదనగలదు?

ఈ తిరుగుడులో చట్టం చేయీ ఉంది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం ఇద్దరు స్త్రీలు తమ ఇద్దరి లాభం కోసం ఒకే గది వాడుకున్నా అది వ్యభిచార గృహమే. కలిసి అద్దె పంచుకోవడం నేరమైనప్పుడు మూడో మనిషి గదే గతి. 20వ సెక్షన్ మరీ సూటిగా, ఒక స్త్రీని తన పరిధి విడిచి పొమ్మని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. కాన్పూర్‌కు చెందిన కౌసల్య కేసులో సుప్రీంకోర్టు 1963లో దాన్ని సమర్థించింది. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో అదే కోర్టు, ఇష్టపూర్వకంగా ఈ పని చేసే వయోజనులను దాడుల్లో అరెస్టు చేయరాదని ఆదేశించింది. అయినా 20వ సెక్షన్ చట్టంలో అలాగే ఉంది. ఊళ్లు తిరగడాన్ని స్వేచ్ఛగా చేసుకున్న మార్కెట్ ఎంపికగా చూపే రచయితలు ముందు ఈ సెక్షన్ చదవాలి.

ఫోను వచ్చాక గది మీద బ్రోకర్ పట్టు కొంత సడలిన మాట నిజమే. ముందే మాట్లాడుకుని, రేటు తానే చెప్పి నగరానికి వెళ్లే అవకాశం ఆంగ్లం వచ్చిన, సొంతంగా హోటల్ గది తీసుకోగల స్త్రీకి హైదరాబాద్‌లో ఉంది. కనింగ్‌హామ్, కెండల్ చూసిన మార్కెట్‌కు ఆమె దగ్గరగా ఉంటుంది. జిల్లాల నుంచి బయల్దేరే స్త్రీకి అదే ఫోను చాలాసార్లు బ్రోకర్‌ను మార్చుకునే సాధనమవుతుంది తప్ప అతన్ని వదిలించుకునే సాధనం కాదు.

ఇకముందు సర్వే చేసేవారికి ఒక చిక్కు ఉంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, ఇప్పుడు 33. 2008లో నిజామాబాద్ నుంచి కామారెడ్డి వెళ్లిన స్త్రీ అదే జిల్లాలో ఉన్నట్టు. నేడు అదే బస్సులో అంతే దూరం వెళితే జిల్లా దాటినట్టు, పాత నిర్వచనంలోని జిల్లా షరతు తీరినట్టు. ఆ నిర్వచనాన్ని మార్చకుండా మళ్లీ లెక్క తీస్తే సంచారం విపరీతంగా పెరిగిందనే తప్పుడు ఫలితం వస్తుంది. జిల్లా సరిహద్దుకు బదులు, తనను ఎరిగినవాళ్లు ఉండరని ఆమె నమ్మే మొదటి ఊరు ఎంత దూరమో అడగాలి. రేటుతో పాటు ఖర్చులన్నీ పోను చేతికి మిగిలిందెంతో కూడా ఆ ప్రశ్నావళిలో ఉండాలి.