బలపం ఖర్చు కాదు, గంట ఖర్చు

హోమ్‌స్కూలింగ్ అనగానే మన ఐటీ జనాలకి అదేదో అమెరికా సరుకులా కనిపిస్తుంది. కిట్లు, ట్యాబు, ఆన్‌లైన్ ట్యూటరు అన్నీ కలిపితే కార్పొరేట్ స్కూలు ఫీజుకి దగ్గరగా వచ్చేస్తుంది. మరి తక్కువ ఖర్చుతో పిల్లల్ని ఇంట్లో చదివించడం కుదిరే పనేనా? మా ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది కాబట్టి నాకూ ఈ ప్రశ్న తప్పలేదు. జవాబు కొంత రెండొందల ఏళ్ళ నాటి కుంఫిణీ లెక్కల్లో దొరికింది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమని కలెక్టర్లకి చెప్పాడు. (ధరంపాల్ 1983లో పుస్తకంగా వేసింది ఈ లెక్కల్నే.) 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ పంపిన నివేదిక మనకి బాగా దగ్గరిది, ఎందుకంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. జనాభా 9,27,857. బడులు 533, అందులో తెలుగువి 226. పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యి మంది జనానికి ఏడుగురు.

ఆ బడుల సామాను చూడండి. మొదట ఇసకలో వేలితో దిద్దడం. తర్వాత చెక్క పలక, దానికి కాస్త అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే చాలు. లేదంటే గంజి పెట్టి మడతలు వేసిన గుడ్డ, అదే కడితం. రాయడానికి బలపం, తుడవడానికి తడిగుడ్డ. పైగా పెద్ద పిల్లలే చిన్న పిల్లలకి చెప్పేవాళ్ళు. ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఈ పద్ధతిని మద్రాసులో చూసి, వాడి, 1797లో లండన్లో పుస్తకం వేస్తే ఇంగ్లండ్ బడులు దాన్ని 'మద్రాసు పద్ధతి' అని పట్టుకున్నాయి. ఇంతకన్నా చవక చదువు ఉంటుందా?

అయినా వెయ్యికి ఏడుగురే. ఫీజు నెలకి నాలుగణాల నుంచి ఎనిమిదణాల దాకా ఉండేది. అదీ కట్టలేక, పిల్లాడికి కాస్త చేతులు రాగానే పనికి పంపేవాళ్ళు. సీమ గుడ్డలొచ్చి ఇక్కడి చేతిపనులవాళ్ళ సంపాదన పడిపోయిందని, ఒకప్పుడు బడులున్న ఊళ్ళలో ఇప్పుడు లేవని క్యాంప్‌బెలే రాశాడు. పంతులుగారి రాబడి కూడా నెలకి ఆరేడు రూపాయలు దాటదని మన్రో అన్నాడు.

ఇక అసలు సంగతి. 1826 మార్చిలో మన్రో రాసిన మినిట్‌లో ఇంకో అంకె ఉంది. మద్రాసు పట్నంలో ఇంట్లో చదువుకునే పిల్లలు 26,963 మంది, బడికెళ్ళేవాళ్ళకి దాదాపు అయిదు రెట్లు! ఈ అంకెలో తప్పు ఉండొచ్చని ఆయనకే అనుమానం. కానీ బంధువులో, ఇంటికొచ్చే పంతుళ్ళో చదువు చెప్పడం ఏ జిల్లాలోనూ అరుదు కాదని కూడా రాశాడు. అంటే హోమ్‌స్కూలింగ్ మనకి కొత్తేం కాదన్నమాట.

ఇది చూసి "మన పూర్వీకులు ఎంత గొప్పవాళ్ళో" అని చంకలు గుద్దుకునేవాళ్ళున్నారు. ఒక్క నిమిషం ఆగండి. ఇంటిచదువుకి ముందు ఇంట్లో ఒకరికి చదువు వచ్చుండాలి, లేదా పంతుల్ని పెట్టుకునే స్తోమతుండాలి. రెండూ లేని ఇంటికి ఆ చవక బలపం ఏం చేస్తుంది? ఇక ఆడపిల్లల సంగతి: ప్రెసిడెన్సీ మొత్తం మీద బడుల్లో 1,88,650 మంది ఉంటే ఆడపిల్లలు 4,540.

భండారు అచ్చమాంబనే (1874-1905) తీసుకోండి. బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకుంది. ఆ తర్వాత 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, కథలు రాసింది. పైసా ఖర్చు లేని చదువే. కానీ పక్కన కూర్చోబెట్టుకునే తమ్ముడు ఎంతమందికి దొరికాడు? మా నాన్నమ్మకి దొరకలేదు, చివరిదాకా వేలిముద్రే.

అందుకే నాకు అర్థమైంది ఇదీ. హోమ్‌స్కూలింగ్‌లో ఖరీదైనది సామాను కాదు, చదువొచ్చిన మనిషి రోజూ ఇచ్చే గంట. మనకి జీతముంది, రిలీజులూ రాత్రి కాల్సూ పోగా ఆ గంటే మిగలడం లేదు. నాన్నమ్మ లాంటివాళ్ళ ఇళ్ళకి ఆ గంట బయటినుంచే రావాలి, అంటే ఊళ్ళో సర్కారు బడి ఉండాలి. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఉచిత చదువు హక్కు అంటూ 2010 ఏప్రిల్లో అమల్లోకొచ్చిన చట్టం విలువ అక్కడుంది. "బడులెందుకు, ఇంట్లోనే చెప్పుకోవచ్చు" అనే ముందు, ఆ మాట మన ఇళ్ళకి తప్ప అందరికీ అతకదని గుర్తుపెట్టుకుంటే చాలు.

మా పాపని బడికే పంపుతాం. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది మాత్రం నాది, ఆ టైములో మీటింగ్ ఎవరు పెట్టినా డిక్లైనే. మీ ఇంట్లో ఆ గంట ఎవరిది?