చలి యెడారిలో నీటిగుర్తు



ఎడారి యన్నంతనే మనకు మండుటెండయు, ఇసుకదిబ్బలును తోచును. మంచు నడుమ నెడారి కలదనిన మాచారెడ్డి రచ్చబండపై నవ్వువారే యెక్కువ. కాని వాన లేని చోటే యెడారి గదా! దక్షిణధ్రువ ఖండమగు అంటార్కిటికాలోని మెక్‌మర్డో శుష్కలోయలు అట్టివి. అచట నేటి సగటు చలి సున్నకు 15 మొదలు 30 డిగ్రీలు దిగువ. కురిసిన మంచును కరగించి కొలిచినను ఏటికి 10 సెంటీమీటర్లు నిండవు.

1903 డిసెంబరులో ఆంగ్ల నావికుడు స్కాటు ఇద్దరు సహచరులతో అందొక లోయలో దిగెను. ప్రాణి యేదియు కానరాలేదు. ఒక సీలు కళేబరము మాత్రము కనబడెను. అది మృతులలోయ యని యాతడు తలచెను. అచటి గడ్డకట్టిన సరస్సు రెండు పాయలై, నడుమ సన్నని మెడతో కలిసియుండెను. ఆ మెడ వెడల్పు 17 అడుగులని వ్రాసికొనెను. ఏల వ్రాసెనో గాని, ఆ చిన్న లెక్కయే నేడు శాస్త్రజ్ఞులకు కొలబద్ద. బానీ యను నా సరస్సు నాటినుండి సుమారు 16 మీటర్లు పైకి లేచినది. మన చెరువుకట్టలలో నెన్ని యంత యెత్తుండును? దానికి అలుగు లేదు, తూము లేదు. వేసవిలో కొన్ని వారములు హిమానీనదములు కరగి నీరు చేరును, పోవునది గాలిలోనికే.

మన చుట్టుపట్ల ఏ యేట అలుగు పారెనో, ఏ యేట చెరువడుగు బీటలువారెనో మీరు నోటిలెక్కగా చెప్పగలరు. దానిని నేను తక్కువచేయను. అయినను తాత చూచిన నీటిమట్టము మనుమనికి జానెడు తేడా లేక అందుట కష్టము.

1993 నుండి అమెరికా శాస్త్రజ్ఞులు ఈ లోయలను ఏటేట కొలుచుచున్నారు. మృతులలోయ యనుట పొరపాటని తేలినది. మట్టిలో కంటికానని నులిపురుగులు కలవు. 1986 మొదలు 2000 వరకు చలి హెచ్చగా సరస్సులు తగ్గెను; ఆ పురుగులును ఏటికి నూటికి పదికి మించి క్షీణించెను. అంతలో 2001-02 వేసవి వెచ్చనయ్యెను. పదేండ్లకు పైగా తగ్గిన నీటిని ఆ యొక్క వేసవి తిరిగి నింపెను. తరువాత తేమను కోరు వేరొక జాతి పురుగు పెరుగసాగెను. ఆ యొక్క యేడే చూచి పోయినవాడు ఏమని చెప్పియుండును? ముందటి యేండ్లు మాత్రమే చూచినవాడు సరిగా దానికి విరుద్ధముగా చెప్పియుండును.

మన హైదరాబాదునకును ఆ ఖండము పరాయిది గాదు. ఇచటి జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు 1997లో అచటి భారతీయ స్థావరమగు మైత్రియందు భూకంప పరిశీలనాకేంద్రమును నెలకొల్పిరి. అదియు క్షణక్షణము వ్రాయుచుండు లెక్కయే.

బానీ సరస్సుపై మంచుపలక మూడునాలుగు మీటర్ల మందము. దానిని తొలిచి, దారము దింపి, క్రింది నీటిని పైకి తీసి పరీక్షింతురు.